‘మనం పోయినాంక వీళ్ళని ఎవరు చూస్తారు?’ – గ్రూప్ హోమ్ అనే ఇంటి వెనక కథ

అనంతపురం పెద్దాసుపత్రిలో సదరం క్యాంపు (వైకల్యం శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు) జరిగే రోజు వరండాలో కాసేపు నిలబడితే ఒక జంట తప్పకుండా కనబడుతుంది. డెబ్భై దగ్గరపడిన తల్లి, నలభై దాటిన కొడుకు. తలకు నూనె రాసి, పక్కపాపిడి తీసి, చొక్కా పైగుండీ దాకా పెట్టి తీసుకొస్తుంది. పేరు పిలిచేదాకా వాడి చెయ్యి వదలదు. వదిలినా వాడెక్కడికీ పోడు, ఆమెకది నలభై ఏళ్ళ అలవాటు, అంతే. శాతం ఎంత వేస్తారో, పెన్షన్ ఆగిపోతుందేమో అన్నది పైకి కనబడే టెన్షన్. లోపలి టెన్షన్ వేరే ఉంది. పక్కన కూర్చున్న ఇంకో తల్లితో మాట కలిసి, ఊరూ పేరూ అయ్యాక, పది నిమిషాలకే అది బయటికొస్తుంది: "మనం పోయినాంక వీళ్ళని ఎవరు చూస్తారక్కా?"

ఈ ప్రశ్నకు కొన్ని దేశాలు అరవై డెబ్భై ఏళ్ళ కిందట ఒక జవాబు వెతుక్కున్నాయి. అదే గ్రూప్ హోమ్. బుద్ధిమాంద్యమో, ఆటిజమో, డౌన్ సిండ్రోమో, సెరిబ్రల్ పాల్సీయో ఉన్న నలుగురైదుగురు పెద్దవాళ్ళు మామూలు వీధిలో మామూలు ఇంట్లో ఉంటారు, సాయానికి జీతం మీద ఒకరిద్దరు మనుషులుంటారు. ఇంతే సంగతి. ఈ మాత్రం దానికి చరిత్ర ఏంటి అనిపిస్తుంది గానీ, ఆ మామూలు ఇంటి దాకా రావడానికి కోర్టులు, టీవీ కెమెరాలు, రోడ్డెక్కిన తల్లిదండ్రులు, మూతబడిన పెద్దపెద్ద బిల్డింగులు, ఇన్ని పట్టాయి.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. తెలుగులో సొంత ఇంటిని ఎవరూ హోమ్ అనరు. హోమ్ అంటే మనకు ఇల్లు లేనివాళ్ళని పెట్టే చోటు. "వాళ్ళమ్మను హోమ్‌లో వేసినారంట" అని ఎవరైనా అంటే వీధి మొత్తానికి అర్థమైపోతుంది, చెప్పేవాళ్ళ గొంతు కూడా తగ్గుతుంది. చేర్చినారు అనరు, వేసినారు అంటారు. గ్రూప్ హోమ్ అనే మాట రాయలసీమకు వచ్చేసరికే ఆ మచ్చ పడి ఉంది కాబట్టి, తల్లి దగ్గర దాని ఊసెత్తితే ఆమెకు వినబడేది "నీ కొడుకుని వదిలేయ్" అనే. ఆ భయం ఊరికే పుట్టింది కూడా కాదు.

మొదలుపెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. 1848లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ అనే డాక్టరు ప్రభుత్వ డబ్బుతో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు ఒక బడి పెట్టాడు. కొన్నేళ్ళు నేర్పించి ఇంటికి పంపేయాలన్నది ఆలోచన. కానీ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఊళ్ళో పని ఇచ్చేవాడు లేడు, చాలా ఇళ్ళల్లో వెనక్కి తీసుకునే స్థితి లేదు. అలాంటి బడులు ఒక్కొక్కటే ఊరవతల గోడ కట్టుకున్న కాంపౌండ్లుగా మారిపోయాయి. ఇలా అవుతుందని హోవ్‌కి ముందే తెలిసొచ్చింది. 1866లో న్యూయార్క్ రాష్ట్రంలో అంధుల సంస్థ ఒకదానికి శంకుస్థాపన చేస్తూ ఆయన్ని ఉపన్యాసానికి పిలిస్తే, ఒకే రకం వైకల్యం ఉన్నవాళ్ళందరినీ ఒక చోట పోగెయ్యకండి, జనంలో కలిపి ఉంచండి అని చెప్పి వచ్చాడు. శంకుస్థాపన సభలో చెప్పాల్సిన మాటేనా అది! ఎవరూ వినలేదు.

ఆ తర్వాత వచ్చిన కాలం ఇంకా ఘోరం. ఇలాంటివాళ్ళకు పిల్లలు పుడితే జాతి చెడిపోతుందనే యూజెనిక్స్ పిచ్చి చదువుకున్నవాళ్ళకే ఎక్కువ పట్టింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు, క్యారీ బక్ అనే అమ్మాయికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం న్యాయమేనని తీర్పు చెప్పింది. వాళ్ళనే తిట్టుకుని ఊరుకోవడానికి లేదు. 1994లో మన పుణె సాసూన్ ఆసుపత్రిలో, శిరూర్ ప్రభుత్వ హోమ్ నుంచి తెచ్చిన బుద్ధిమాంద్యం ఉన్న ఆడవాళ్ళకు గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత చూసుకోలేరు, చూసేవాళ్ళకు కష్టం అన్నది కారణం. చూసేవాళ్ళ సౌకర్యం కోసం ఉండేవాళ్ళ ఒంటి మీద కత్తి పెట్టడం, గోడల మధ్య నడిచే ఏ సంస్థకైనా చాలా సులువుగా అబ్బే గుణం.

విల్లోబ్రూక్ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. న్యూయార్క్ నగరం స్టేటెన్ ఐలాండ్‌లో ఉన్న ఈ ప్రభుత్వ సంస్థను 4,000 మందికని కట్టారు, 1960లలో 6,000 మందికి పైగా కుక్కారు. 1965లో సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ చూసొచ్చి పాములపుట్టతో పోల్చాడు. కెన్నెడీల ఇంట్లోనే, ఆయన అక్క రోజ్‌మేరీకి బుద్ధిమాంద్యం ఉండేది, 1941లో ఆమెకు చేయించిన మెదడు ఆపరేషన్ వికటించింది కూడా. అయినా ఆ మాటతో పేపర్లలో నాలుగు రోజులు గోల జరిగి చల్లారిపోయింది. అసలు కదలిక 1972లో వచ్చింది, అదీ ఒక తాళంచెవి వల్ల. అక్కడ పనిచేసే ఒక డాక్టరుని, పిల్లల తల్లిదండ్రుల్ని కూడగడుతున్నాడని ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేశారు గానీ ఒక వార్డు తాళంచెవి వెనక్కి తీసుకోవడం మరిచిపోయారు. ఆ తాళంచెవితోనే జెరాల్డో రివెరా అనే టీవీ విలేకరి కెమెరా పట్టుకుని లోపలికెళ్ళాడు. ఒంటి మీద బట్టల్లేకుండా, నేల మీద, మలమూత్రాల మధ్య పిల్లలు. యాభై మంది దాకా పిల్లలకు ఒక్క ఆయా. కెమెరాకు కనబడనిది వాసన, దాన్ని ఎలా చూపించాలో తెలియడం లేదని ఆ విలేకరి టీవీలోనే అన్నాడు.

అదే ఏడాది తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. 1975లో రాజీ డిక్రీ, అంటే రెండు పక్షాలూ ఒప్పుకున్న కోర్టు ఉత్తర్వు, వచ్చింది: ఇక్కడున్నవాళ్ళను చిన్న ఇళ్ళకు, ఊళ్ళోకి, జనం మధ్యకు మార్చాలి. 1987లో విల్లోబ్రూక్ మూతబడింది. పెన్సిల్వేనియాలో పెన్‌హర్స్ట్ అనే ఇంకో పేరుమోసిన సంస్థ మూతబడిందీ ఆ ఏడాదే. 1967లో అమెరికా మొత్తం మీద ఇలాంటి ప్రభుత్వ సంస్థల్లో దాదాపు 1.95 లక్షల మంది ఉండేవాళ్ళు. ఇప్పుడా సంఖ్య ఇరవై వేల లోపు.

అయితే ఆలోచన మటుకు అమెరికాది కాదు, ఉత్తర ఐరోపాది. డెన్మార్క్‌లో 1950లలో తల్లిదండ్రులు సంఘం పెట్టి గట్టిగా అడిగితే, నీల్స్ ఎరిక్ బ్యాంక్-మికెల్సన్ అనే అధికారి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. యుద్ధకాలంలో నాజీల నిర్బంధంలో ఉండి వచ్చినవాడు కాబట్టి, గోడల మధ్య వందల మంచాలు వరసగా వేస్తే మనిషి ఏమవుతాడో ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. ఈ మనుషుల బతుకు వీలైనంత మామూలుగా ఉండాలన్న మాట 1959లో అక్కడి చట్టంలోకి ఎక్కింది. పదేళ్ళకు, 1969లో, స్వీడన్‌కు చెందిన బెంగ్ట్ నిర్యె ఆ "మామూలు" అంటే ఏంటో విడమర్చి రాశాడు. ఆయన చెప్పింది వింటే ఇదీ ఒక సిద్ధాంతమేనా అనిపిస్తుంది: రోజుకు ఒక లయ ఉండాలి, వారానికి ఒకటి, ఏడాదికి ఒకటి ఉండాలి; వయసుకు తగ్గట్టు చూడాలి; వాళ్ళ ఇష్టాయిష్టాలు అడగాలి; ఆడామగా కలిసి ఉండే లోకంలో బతకాలి; చేతిలో నాలుగు రూపాయలు ఉండాలి; ఉండే చోటు అందరి ఇళ్ళలా ఉండాలి.

దీన్ని మన దగ్గరికి తెచ్చి చూస్తే పదును తెలుస్తుంది. రోజు లయ అంటే సాయంత్రం ఐదున్నరకే అన్నం పెట్టి ఆరింటికి పడుకోబెట్టకపోవడం. చాలాచోట్ల అలా చేసేది డ్యూటీ మారే టైము కోసం, ఉండేవాళ్ళ ఆకలిని బట్టి కాదు. వారం లయ అంటే ఆదివారం ఆదివారంలా ఉండటం, ఇంట్లో చికెన్ వాసన రావడం. ఏడాది లయ అంటే కదిరి తేరుకో గూగూడు పీర్ల పండక్కో అందరితో పాటు పోవడం, కొత్త చొక్కా తన సైజుకు కొనడం (దాతలిచ్చిన పాత చొక్కాల మూటలోంచి ఏది చేతికొస్తే అది తొడగడం ఇందులోకి రాదు). వయసుకు తగ్గట్టు అంటే నలభై రెండేళ్ళ మనిషిని "పాపం, పిల్లోడు" అనడం మానుకోవడం. ఈ చివరిది ఇళ్ళల్లోనే జరగదు, ఇక హోముల్లో ఏం జరుగుతుంది.

ఆలోచన కుదిరింది, కోర్టులూ సరేనన్నాయి. మిగిలింది వీధి. టెక్సస్ రాష్ట్రంలో క్లీబర్న్ అనే చిన్న ఊళ్ళో, నాలుగు బెడ్రూముల ఇల్లొకటి తీసుకుని పదమూడు మందికి గ్రూప్ హోమ్ పెట్టబోతే మునిసిపాలిటీ పర్మిషన్ ఇవ్వలేదు. చెప్పిన కారణాలు: ఎదురుగా బడి ఉంది, అక్కడి పిల్లలు వీళ్ళను ఏడిపిస్తారు; చుట్టుపక్కలవాళ్ళకు భయం; పైగా ఆ స్థలం ఐదొందల ఏళ్ళకోసారి వచ్చే వరదలో మునుగుతుందట. అదే స్థలంలో ముసలివాళ్ళ హోమ్ పెట్టుకుంటామంటే, ఆసుపత్రి కడతామంటే అభ్యంతరం లేదు. 1985లో అమెరికా సుప్రీంకోర్టు ఈ కారణాలన్నీ పక్కనబెట్టి, ఇది ఉత్త అయిష్టమే తప్ప ఇంకోటి కాదని తేల్చేసింది. అనంతపురం కరువు సీమ కదా, ఇక్కడ వరద వంక చెప్పడానికి లేదు అనుకోవచ్చు గానీ, 2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి కాలనీలకు కాలనీలే మునిగాయి, కాబట్టి మనవాళ్ళకు రెండు రకాల వంకలూ ఉన్నాయి. నిజానికి ఇక్కడ అంత దూరం కూడా పోనక్కర్లేదు. టులెట్ బోర్డు కింద "ఫ్యామిలీకి మాత్రమే" అని ఒక్క లైను రాసుంటే చాలు, ఐదుగురు పెద్దవాళ్ళు కలిసి ఉండే ఇల్లు అక్కడే ఆగిపోతుంది.

వీధి కన్నా పెద్ద అడ్డం డబ్బు. అమెరికాలో 1971 నుంచి కేంద్రం డబ్బు ఈ సంస్థలకే పోయేది, అంటే మనిషి సంస్థలో మంచం మీద ఉంటేనే డబ్బు, ఊళ్ళో అద్దె ఇంట్లో ఉంటే లేదు. 1981లో ఆ నిబంధన సడలించాక ఆ డబ్బు మనిషి వెంట ఊళ్ళోకి రావడం మొదలైంది. గ్రూప్ హోములు వేలల్లో లేచింది ఆ తర్వాతే. స్వీడన్ అయితే ఏకంగా చట్టం చేసి, 1999 చివరికల్లా పెద్ద సంస్థలన్నీ మూసేయాలని గడువు పెట్టింది. పెద్ద బిల్డింగుకు పోసే డబ్బు మిగిలింది, అది చిన్న ఇళ్ళకు మళ్ళింది. పడమటి దేశాల కథ మొత్తం ఈ ఒక్క లెక్క మీద నడిచింది.

ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. మూసేయడానికి మన దగ్గర ఏముంది? ఢిల్లీలో ఆశాకిరణ్ లాంటి కిక్కిరిసిన ప్రభుత్వ హోములు కొన్ని ఉన్నాయి, 2024 జులైలో ఆ ఒక్క చోట ఒక్క నెలలో పదిమందికి పైగా చనిపోయి వార్తల్లోకి ఎక్కింది, అది నిజమే. కానీ దేశం మొత్తం మీద ఇలాంటి మనుషుల్లో అత్యధికులు ఏనాడూ ఏ సంస్థలోనూ లేరు, ఇంట్లోనే ఉన్నారు. అంటే మన విల్లోబ్రూక్ పని అంతా అమ్మే చేసింది, పైసా బడ్జెట్ లేకుండా, సెలవు లేకుండా. బిల్డింగు మూస్తే డబ్బు మిగులుతుంది. అమ్మ మంచాన పడితే మిగిలేది ఏమీ లేదు, ఎందుకంటే ఆమెకు ఎవరూ ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు.

చట్టాలు మాత్రం మనవి బాగానే నడిచి వచ్చాయి. 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం పిచ్చినీ బుద్ధిమాంద్యాన్నీ ఒకే గాటన కట్టింది. మానసిక జబ్బుకు మందుంటుంది, తగ్గొచ్చు. బుద్ధిమాంద్యం జబ్బే కాదు, ఎదుగుదలలో తేడా. ఈ తేడా చట్టానికి తెలియడానికి 1987 దాకా పట్టింది. దర్గాల దగ్గర, గుళ్ళ దగ్గర నిద్ర చేయించే ఇళ్ళల్లో ఇప్పటికీ తెలియకపోతే వాళ్ళను ఏమనగలం? 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ వచ్చింది, సీమ నుంచి రాత్రి బస్సెక్కి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి చూపించిన తరం ఒకటి ఉంది. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆసుపత్రి వరండాలో తల్లి అడిగిన ప్రశ్న ఆ చట్టంలో ఉన్నది ఉన్నట్టే ఉంది: తల్లిదండ్రులు చనిపోతే వీళ్ళ సంరక్షణకు ఏర్పాట్లు చేయడం ట్రస్టు లక్ష్యాల్లో ఒకటని రాశారు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకు గార్డియన్‌ను పెట్టడానికి జిల్లా స్థాయిలో ఒక కమిటీ కూడా ఈ చట్టం కిందే వచ్చింది. 2007లో వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి ఒప్పందాన్ని మనం ఆమోదించాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఐదో సెక్షన్ అయితే, జనం మధ్య బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండాలని ఎవరూ బలవంతపెట్టడానికి లేదు అని చాలా అందంగా చెప్పింది. వేరే దేశాలు వందేళ్ళు తప్పులు చేసి రాసుకున్న చివరి అధ్యాయాన్ని మనం మొదటి పేజీలోనే రాసేసుకున్నాం. మధ్య పేజీలు ఖాళీ.

ఖాళీ ఎక్కడుందో జిల్లాలో స్పష్టంగా కనబడుతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, ఫిజియోథెరపీకి రమ్మంటారు. 1969 నుంచి అనంతపురంలో పాతుకుపోయిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అదే మన ఆర్‌డీటీ, ఇలాంటి పిల్లలకు బడులు పెట్టింది, పల్లెల్లో వికలాంగుల సంఘాలు కట్టించింది. పద్దెనిమిది దాటగానే బడి అయిపోతుంది. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు గడిచేది ఎక్కువగా ఇంటి ముందు అరుగు మీదే.

నేషనల్ ట్రస్టు ఘరౌందా అనే పథకం తెచ్చింది, పెద్దవాళ్ళకు గ్రూప్ హోములు పెట్టడానికే. ఒక్కో చోట ఇరవై మంది లెక్కతో మొదలైంది. నిర్యె చెప్పిన ఇంటికీ ఇరవై మంది ఇంటికీ ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. కానీ ఇరవై ఎందుకు అంటే దాని వెనకా ఒక లెక్క ఉంది. ఐదుగురితో చిన్న ఇల్లు నడపాలనుకుందాం. ఒక్కొక్కరికి నెలకు ఆరు వేల పెన్షన్ వస్తుందనుకుంటే మొత్తం ముప్ఫై వేలు. అందులోంచి ఇంటద్దె పోవాలి, బియ్యం, పప్పు, గ్యాస్, కరెంటు, ఫిట్స్ మాత్రలు పోవాలి, మిగిలినదాంట్లో పగలూ రాత్రీ మనిషి ఉండాలంటే కనీసం ముగ్గురికి జీతాలివ్వాలి. ఎటు కూడినా సరిపోదు. కాబట్టి ఐదుగురు పదిమందవుతారు, పది ఇరవై అవుతుంది, ఊళ్ళో ఇల్లు చాలక బైపాస్ అవతల రేకుల షెడ్డవుతుంది, గేటుకు తాళం పడుతుంది. ఎవరి దుర్మార్గమూ అక్కర్లేకుండానే, 1848లో మొదలైన బడి తర్వాత కాంపౌండయినట్టే.

చిన్న ఇల్లయినంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనీ లేదు. నలుగురుండే ఇంట్లో కూడా ఫ్రిజ్‌కు తాళం వేసి, స్నానం ఎప్పుడో టీవీ ఏదో స్టాఫే నిర్ణయిస్తుంటే అది నాలుగు మంచాల విల్లోబ్రూకే. ఇలాంటివాళ్ళతో ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తింటూ బతకాలని 1964లో ఫ్రాన్స్‌లో జాన్ వానియే లార్ష్ అనే సంస్థను మొదలుపెట్టాడు. 1970లో బెంగళూరులో దాని ఇల్లే ఆశానికేతన్ పేరుతో వెలిసింది. లోకమంతా చేతులెత్తి మొక్కిన మనిషి ఆయన. చనిపోయాక, 2020లో, ఆ సంస్థే చేయించిన విచారణలో ఆయన ఆరుగురు ఆడవాళ్ళను లైంగికంగా లోబరుచుకున్నాడని బయటపడింది. వాళ్ళు వైకల్యం ఉన్నవాళ్ళు కారు. అయినా ఒక్క మనిషి మంచితనం మీద నడిచే ఏర్పాటుకు బయటి చూపు ఎంత అవసరమో అది చెబుతుంది. "స్వామి మంచోడు, చూసుకుంటాడు" అని సంతకం పెట్టేసి వచ్చే మన అలవాటుకు ఇది బాగా తగులుతుంది. తాళంచెవి ఎవరి దగ్గరుంది, చెప్పకుండా వస్తే లోపలికి రానిస్తారా, ఈ రెండూ అడిగితే ఏ హోమ్ గురించైనా సగం తెలిసిపోతుంది.

ఇదంతా అర్థమైన తల్లిదండ్రులు కూడా ఒక్క చోట తప్పటడుగు వేస్తారు. గ్రూప్ హోమ్‌ను తాము పోయాక మొదలయ్యే ఏర్పాటుగా చూస్తారు. మన చట్టమూ అలాగే ఆలోచించింది. ఆదాయపు పన్ను చట్టం 80డీడీ సెక్షన్ కింద పన్ను మినహాయింపు కోసం వైకల్యం ఉన్న బిడ్డ పేరున పాలసీ కడితే, తండ్రో తల్లో చనిపోతేనే బిడ్డకు డబ్బులొచ్చేవి. బతికుండగానే ఎందుకివ్వరని ఒక తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2019లో కోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టేసింది గానీ, దీన్ని మళ్ళీ ఆలోచించండి అని కేంద్రానికి చెప్పింది. 2022 బడ్జెట్‌లో మార్చారు, ఇప్పుడు తల్లిదండ్రులకు అరవై నిండాక, వాళ్ళు ఉండగానే బిడ్డకు రావడం మొదలుపెట్టొచ్చు. పేపర్లలో పన్నుల పేజీలో రెండు లైన్ల వార్తగా పోయింది ఇది. నిజానికి ఈ విషయం మీద మన దేశంలో జరిగిన తెలివైన మార్పుల్లో ఇదొకటి.

ఎందుకంటే అమ్మకు తెలిసినవి ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండవు. అనంతపురం పాతూరులో ఉండే ఒక తల్లినే తీసుకోండి. వాడికి సంగటి ముద్దగా పెడితే తినడు, నాలుగు తుంచి పల్లెం చుట్టూ పెట్టాలి. కరెంటు పోతే అరుస్తాడు, అప్పుడు పట్టుకోకూడదు, పక్కన కూర్చుని చెంబు మీద వేళ్ళతో కొడుతూ ఉండాలి. ఎడమ చెవి పట్టుకుంటే పంటినొప్పి. ఫిట్స్ వచ్చే ముందు నవ్వుతాడు, ఆ నవ్వు వేరేగా ఉంటుంది. ఇవి చెప్పడానికి ఆమె ఉండాలి. ఆమె పోయిన మర్నాడు కొత్త ఇంట్లో దించేస్తే, వాడికి ఒకే రోజు అమ్మా పోతుంది, ఇల్లూ పోతుంది, తన భాష తెలిసిన ఒకే ఒక్క మనిషీ పోతుంది, అప్పుడు అరిస్తే మొండివాడని కేసుషీట్‌లో రాస్తారు. అందుకే కాస్త నడక తెలిసిన చోట్ల ముందు శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఉంచుకుంటారు. మొదటి రెండుసార్లు అమ్మ కూడా అక్కడే పడుకుంటుంది. మూడోసారి పొద్దున ఆటోలో వచ్చి, వంట మనిషి సంగటి తుంచి పెడుతుంటే గుమ్మంలో నిలబడి చూస్తుంది, "ఇంకొంచెం చిన్నగా తుంచమ్మా" అంటుంది.